ఎన్ని గ్రాములు నావి

ఆగస్టు 6

ఈ ఇంట్లో తెలుగు చదవడం వచ్చింది నాకొక్కదానికే. మా ఆయన అశోక్‌కుమార్ ఈ కలకత్తా ఖిదిర్‌పూర్‌లోనే పుట్టి పెరిగినవాడు, తెలుగు మాట్లాడతాడు, బస్సుల మీద బెంగాలీ చదువుతాడు. మా అత్త అప్పలలక్ష్మి మామగారు పోయాక ఆయన చేసిన కార్పొరేషన్ ఊడ్పు ఉద్యోగంలోనే చేరింది, వేలిముద్ర వేసి జీతం తీసుకుంటుంది. అత్తకి అత్త అప్పమ్మ, మా అందరికీ మామ్మ, డెబ్బై మూడేళ్ళు, అక్షరాల జోలికి ఎన్నడూ పోలేదు. కాబట్టి ఈ పుస్తకానికి తాళం అక్కర్లేదు. ఇచ్ఛాపురంలో మూడేళ్ళు బీఎస్సీ చదివినందుకు నాకు దక్కిన ఏకైక సౌకర్యం ఇది.

నేటి కార్యక్రమం: వార్డు క్లినిక్కుకి ప్రయాణం. కడుపుకి ఇరవై నాలుగు వారాలు. ఎత్తు నాలుగడుగుల తొమ్మిదంగుళాలు. కిందటి నెలా అంతే. పొడుగవుతానని ఎవరైనా ఆశ పెట్టుకుని ఉంటే క్షమించాలి. బరువు నలభై మూడు. రక్తం ఎనిమిది పాయింట్ తొమ్మిది, పదకొండు ఉండాలట.

వార్డు ఆరోగ్య కార్యకర్త కాకలి దీదీ కార్డు నింపింది. ఆవిడ ప్రశ్నలు బెంగాలీ రాని కోడళ్ళ కోసం హిందీలో ఉంటాయి, ఆ హిందీ మాత్రం బెంగాలీలో ఉంటుంది. పొగాకు ఏమైనా వాడతావా అని అడిగింది. బీడీ, ఖైనీ, జర్దా, గుట్కా, వరసగా నాలుగు పేర్లు చెప్పి నా మొహంలోకి చూసింది. నాలుగింటికీ లేదన్నాను. ఆవిడ ఆ గడిలో ఒక గీత గీసి ముందుకెళ్ళింది.

అబద్ధం ఆడలేదు. ఆ నాలుగూ నేను ముట్టను.

ఇంటికొచ్చి పళ్ళు తోముకున్నాను.

ఆగస్టు 9

పళ్ళు తోముకోవడం అన్న మాట రాశాను కనుక వివరణ నమోదు చేయడం నా విధి. గుడాకు అనేది పళ్ళు తోముకునే ముద్ద. అరచేతిలో ఇమిడే డబ్బాలో వస్తుంది. నల్లగా ఉంటుంది, బెల్లం పాకం వాసన వేస్తుంది. అందులో పొగాకు ఉంటుంది, కాదనను. బెల్లం కూడా ఉంటుంది కదా, దాని సంగతి ఎవరూ మాట్లాడరు.

మా ఊళ్ళో ఆడవాళ్ళు సగంమంది దాంతోనే తోముకుంటారు. నాకు పద్నాలుగో ఏట దవడ పన్ను పీకుతుంటే మా అమ్మ ఇంత తీసి నా వేలి మీద పెట్టింది. నొప్పి పోయింది. తర్వాత పన్ను కూడా పోయింది. గుడాకు ఉండిపోయింది.

రోజుకు ఆరుసార్లు. దంత ఆరోగ్యం విషయంలో నేను రాజీ పడను.

డబ్బా ఉండే చోటు: ప్యాడ్‌ల పాకెట్‌లో. కడుపుతో ఉన్న మనిషి ప్యాడ్‌ల పాకెట్‌ని ఈ తొమ్మిది నెలలూ ఎవరూ తెరవరు. ఈ ఆలోచన వచ్చిన రోజున నా తెలివికి నేనే దండం పెట్టుకున్నాను.

డబ్బా వచ్చే చోటు: వీధి మలుపులో బైరాగి గుమ్టీ, అంటే చిన్న కిళ్ళీ బడ్డీ. పర్లాకిమిడి మనిషి, నన్ను బెంగాలీవాళ్ళలాగ బౌదీ, అంటే వదినా, అంటాడు. అడక్కముందే కాగితంలో చుట్టి చేతిలో పెడతాడు.

ఆగస్టు 21

అత్త ఈ రోజు నా భోజన విధానాన్ని ప్రకటించింది. తెల్లవారకుండా డ్యూటీకి వెళ్ళి పదకొండింటికి వస్తుంది, కాళ్ళు కడుక్కుంటూనే విధానాలు ప్రకటిస్తుంది. ఇక మీదట పూటకి ఒక గరిట అన్నం. పాలు వద్దు, గుడ్డు వద్దు, అరటిపండు అసలే వద్దు.

"ఏడో నెల రాబోతంది గదా, సగం కడుపే తినాల పుష్పా. తిన్నదంతా బిడ్డకే పట్టేస్తాది. బిడ్డ పెద్దదైపోతే బయిటికెలగ వస్తాదే?"

నేను ప్రొటీన్లు, ఐరన్ అంటూ మొదలుపెట్టాను. ఆవిడ పూర్తిగా విని, చీపురు మూలన పెట్టి, వాళ్ళక్క సంగతి చెప్పింది. రెండు రోజులు నొప్పులు పడిందట. బిడ్డ పెద్దదై అడ్డం పడి ఇద్దరూ పోయారట. అత్తకి అప్పుడు పదకొండేళ్ళు, గుమ్మం బయట కూర్చుని అంతా విన్నదట. రేషన్ దుకాణంలో వరస ఎంతుందో చెప్పినట్టే చెప్పింది. నేను నా బీఎస్సీని మడిచి పక్కన పెట్టుకున్నాను.

మా ఆయన మాత్రం డ్యూటీ నుంచి వస్తూ రెండు ఉడికిన గుడ్లు చొక్కా జేబులో తెస్తున్నాడు. అత్త స్నానానికి వెళ్ళగానే ప్రభుత్వ రహస్య పత్రాలు అందించినట్టు అందిస్తాడు. ఒకటి తింటాను. రెండోది తిరిగి ఇచ్చేస్తాను. ఆకలి ఉండడం లేదు. ఎందుకో తెలీదు.

తెలుసు. గుడాకు పెట్టుకుంటే ఆకలి చచ్చిపోతుంది. మా ఊళ్ళో కూలికెళ్ళే ఆడవాళ్ళు అందుకే పెట్టుకుంటారు.

సెప్టెంబర్ 3

ఇరవై ఎనిమిది వారాలు. కాకలి దీదీ నా పొట్ట మీద టేపు పెట్టింది. ఇరవై ఐదు దగ్గర ఆగింది. ఇరవై ఎనిమిది దాకా రావాలట, వారానికో సెంటీమీటరు చొప్పున. టేపు తీసి మళ్ళీ పెట్టింది. ఈసారి ఇరవై ఐదుంపావు. ఆ పావు ఆవిడ మంచితనం.

సెప్టెంబర్ 4

బిడ్డ ఎదుగుదలలో లోపంపై ఏకసభ్య విచారణ సంఘం ఈ ఉదయం మూడో అంతస్తు మెట్ల మీద తొలిసారి సమావేశమైంది. అధ్యక్షురాలు పుష్పరాణి, బీఎస్సీ. సాక్ష్యం కింద క్లినిక్కు గోడ మీది పోస్టరును స్వీకరించారు. దాని మీద బెంగాలీ అక్షరాలు నాకు రావు, బొమ్మలు వచ్చు. పొట్టి తల్లి, పాలిపోయిన తల్లి, బకెట్లు మోసే తల్లి, ఖాళీ పళ్ళెం ముందు తల్లి, పొగలో కూర్చున్న తల్లి. అందరి చేతుల్లోనూ చిన్న చిన్న బిడ్డలు.

ఎత్తు దోషే, కానీ దానికి శిక్ష వేయలేం. రక్తం సంగతి ఐరన్ మాత్రలు చూసుకుంటాయి, మింగిన రోజుల్లో. బకెట్లు మా ఆయన మోస్తున్నాడు, కేసు కొట్టివేయడమైనది. అత్త గరిట ప్రధాన ముద్దాయి. మామ్మ చుట్ట రెండో ముద్దాయి. ఆవిడ నాకు మూడో నెల వచ్చినప్పుడే ఎవరూ చెప్పకుండా గది విడిచి, ఈ మెట్ల మీదికే వచ్చి తాగుతోంది, అయినా పొగ పొగే.

సంఘం మధ్యలో కాసేపు విరామం తీసుకుంది. పళ్ళు తోముకోవడానికి.

సెప్టెంబర్ 12

బిడ్డ కదలికలు లెక్కపెట్టమన్నారు. పన్నెండు. ఎడమ వైపు ఎక్కువ.

సెప్టెంబర్ 19

పొద్దున పదకొండు. డబ్బా తీసిన తర్వాత గంటసేపు ఒక్కటీ లేదు. నిద్రపోయి ఉంటుంది. పిల్లలు నిద్రపోతారు.

సెప్టెంబర్ 20

పన్నెండు. ఊరికే కంగారు పడ్డాను.

అక్టోబర్ 1

స్కానింగులో బిడ్డ బరువు కేజీ మూడు వందల యాభై.

ముప్పై రెండు వారాలకి కేజీ ఏడు వందలైనా ఉండాలట. ఆస్పత్రి డాక్టరమ్మ కాగితం మీద రెండు గీతలు చూపించింది, పైకి పోతున్నది ఉండవలసిన బరువు, దాని కింద ఎక్కడో వెనకబడి నడుస్తున్నది మా బిడ్డ. బొడ్డుతాడులో రక్తం కూడా కాస్త నెమ్మదిగా పారుతోందంది. మా ఆయన రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని, లెక్కల పరీక్షలో వెనక బెంచీ కుర్రాడిలాగ కూర్చున్నాడు.

ఏం తింటున్నావని అడిగింది. గరిట సంగతి చెప్పాను. అన్నం తగ్గిస్తే కాన్పు సులువు కాదు, బిడ్డ బలహీనం అవుతుంది, ఈ రోజు నుంచే మానాలని మా ఆయనతో చెప్పింది. తర్వాత కార్డు తిప్పింది. పొగాకు గడిలో కాకలి దీదీ గీత చూసి, అక్కడ ఆగకుండా కిందికి దిగింది. ఇంట్లో ఎవరైనా పొగ తాగుతారా అని అడిగింది.

నేనన్న మాట యథాతథంగా: "అవును మేడమ్. మామ్మ చుట్ట తాగుతుంది. ఉన్నది ఒకటే గది."

ఒకటే గది అన్నది నిజం. మామ్మ మెట్ల మీద తాగుతోందన్నదీ నిజమే. రెండో నిజం చెప్పడానికి నాకు సమయం చిక్కలేదు.

అక్టోబర్ 3

కాకలి దీదీ ఇంటికి వచ్చింది. మామ్మ తాగేది మామూలు చుట్ట కాదు, అడ్డపొగ, నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని పెదాలు మూసుకుంటుంది. మెట్ల మీద ఆవిడ అలా తాగడం గుమ్మంలోంచి చూసి దీదీ కుర్చీలోంచి లేచింది. లేచి బెంగాలీలో పావుగంట మాట్లాడింది. మామ్మకి యాభై ఏడేళ్ళ కలకత్తా కాపురంలో బెంగాలీ పూర్తిగా వచ్చు, అయినా ఏమీ అర్థం కానట్టు మా ఆయన వైపు తిరిగింది.

"నేను మెట్ల కాడ గదరా తాగతన్నాను. ఆ పొగ అక్కడినుంచి దీని కడుపులోకి ఎలగ ఎల్లినాది?"

"నాకేటి తెల్సు మామ్మా. డాక్టరే సెప్పినాది."

మామ్మ నన్ను చూసింది. నేను గోడ మీది క్యాలెండరును చూశాను. ఈ నెలలో పూజ సెలవులు ఎన్నో నాకు కంఠతా వచ్చేశాయి.

ఆవిడ లేచి, ట్రంకుపెట్టెలోంచి టెక్కలి నుంచి వచ్చిన చుట్టల కట్ట తీసి, మూడంతస్తులూ తనే దిగి, కింద ఉన్న చెత్తబండిలో వేసి వచ్చింది. ఎక్కి రావడానికి చాలాసేపు పట్టింది. పన్నెండో ఏట మొదలైన అలవాటట. కాకలి దీదీ చప్పట్లు కొట్టింది. నేనూ కొట్టాను.

అక్టోబర్ 6

మామ్మ చేతులు వణుకుతున్నాయి. టీ గ్లాసు పట్టుకోలేకపోతోంది. అన్నం సహించడం లేదు. పొద్దున మా ఆయన్ని చెప్పుల గురించి కసిరింది, మధ్యాహ్నం అదే చెప్పుల గురించి ఏడ్చింది. దవడల్లో ధనియాలు పెట్టుకుని నములుతూ, పొగ రాని నోటిని ఏం చేసుకోవాలో తెలియక మెట్ల మీద ఊరికే కూర్చుంటోంది.

సాయంత్రం నా దగ్గరికి వచ్చి పొట్ట మీద చెయ్యి పెట్టింది. నాతో కాదు, లోపలున్న దానితో మాట్లాడింది.

"ముసిల్దాన్ని, తెలీక సేసినాను తల్లీ. కోపం పెట్టుకోకు. బేగి బరువెక్కు."

నేను బాత్రూములోకి పోయి గడియ పెట్టుకున్నాను. పళ్ళు తోముకోవడానికి కాదు. చాలాసేపు కూర్చున్నాను. తర్వాత, ఎలాగూ అక్కడే ఉన్నాను కదా అని.

అక్టోబర్ 8

మానేశాను. డబ్బాని చెత్త సంచిలో వేశాను. మా ఇంటిల్లిపాదిదీ చెత్త ఉద్యోగమే, పోయింది తిరిగి రాదని నాకు తెలుసు.

అక్టోబర్ 9

తల పగిలిపోతోంది. ఈ నోరు నాది కానట్టుంది. సాయంత్రాలు నా దగ్గరికి ట్యూషన్‌కి వచ్చే పిల్లల్ని ఎక్కం తప్పు చెప్పారని తిట్టాను. వాళ్ళు తప్పు చెప్పలేదు.

అక్టోబర్ 10

కదలికలు పద్నాలుగు. పద్నాలుగు.

అక్టోబర్ 11

దుర్గాపూజ అష్టమి. వీధి వీధంతా జనం, ఢాకు డప్పుల మోత. అమ్మవారికి పుష్పాంజలికని బయల్దేరాను. మంటపం కుడివైపు, గుమ్టీ ఎడమవైపు.

"ఏటి బౌదీ, మూడ్రోజులై కనబడనేదు?" అన్నాడు బైరాగి, కాగితం చుడుతూనే.

పండగకి సంఘం ప్రత్యేక మినహాయింపు ఇచ్చింది. రోజుకు రెండుసార్లే.

అక్టోబర్ 13

నాలుగుసార్లు.

అక్టోబర్ 16

ఈ రోజు ఏమీ జరగలేదు.

అక్టోబర్ 17

నిన్న జరిగింది ఇది.

పొద్దంతా చెత్త నొక్కే యంత్రం పక్కన నిలబడే మనిషికి వాసనలు తెలియవని నేను అనుకునేదాన్ని. మా ఆయన స్నానం చేసి తలుపు వెనక తువ్వాలు తీసుకున్నాడు. మొహం తుడుచుకుని ఆగాడు. మళ్ళీ ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఆ తువ్వాలు నేనూ మామ్మా ఇద్దరం వాడేది. ఆ పొద్దున మూతి తుడుచుకున్నది నేను.

"మళ్ళీ మొదలెట్టినావా మామ్మా?"

"నేదురా. ఒట్టు."

"ఒట్టేటి. తువ్వాలంతా పొగాకు కంపు."

మామ్మ తువ్వాలు తీసుకుని వాసన చూసింది. ఆవిడకి ఆ ముక్కు సరిగా పనిచెయ్యదు, అరవై ఏళ్ళ అడ్డపొగ. నాకేం తెలీడం లేదురా అంది. ఆ మాటతో ఇంకా దొంగలాగ కనిపించింది. అత్త అందుకుంది, ముసిలిదానికి పుట్టబోయే బిడ్డ కంటే చుట్టే ఎక్కువైపోయిందంది. అరగంటలో తీర్మానం జరిగిపోయింది. కాన్పు అయ్యేదాకా మామ్మని టెక్కలిలో ఆవిడ తమ్ముడి కొడుకు సాయి కిరణ్ ఇంటికి పంపుతారు. రైలు ఇరవై నాలుగున. ఆవిడ ఆ ఊరు చూసి పదకొండేళ్ళయింది, ఆ సాయి కిరణ్‌ని సరిగా ఎరగను కూడా ఎరగదు.

"నిన్ను నా చేతుల మీద పెంచినాను," అంది మామ్మ. "నా మాట నమ్మవేటిరా?"

ఆయన వరండాలోకి పోయాడు. అక్కడ ఏడుస్తున్నాడని వీపును బట్టి తెలిసింది.

నేను బెండకాయలు తరుగుతున్నాను. ముక్కలన్నీ చాలా సమానంగా వచ్చాయి.

అక్టోబర్ 19

మామ్మ చీరలు మడత పెడుతోంది. ఆరు చీరలు, రెండు రోజులుగా పెడుతోంది. సంచి మీద పేరూ అడ్రసూ తెలుగులో రాయమని నన్నే అడిగింది. దారిలో తప్పిపోతే ఎవరైనా చదివి మళ్ళీ ఇక్కడికే చేరుస్తారట. స్కెచ్ పెన్నుతో రాశాను. అప్పమ్మ, కార్పొరేషన్ క్వార్టర్స్, ఖిదిర్‌పూర్, కలకత్తా. ఆవిడ సంచి దూరంగా పట్టుకుని చూసి, రాత బాగుందంది.

ఆవిడకి చదవడం రాదు.

ఈ రోజు ఎన్నిసార్లో రాయను.

అక్టోబర్ 22

ముప్పై ఐదు వారాలు. కేజీ ఏడు వందల ఎనభై. రెండు కేజీల నాలుగు వందలు ఉండాలి.

కాకలి దీదీ కూడా వచ్చింది. డాక్టరమ్మ పెన్ను పట్టుకుని, ఇప్పుడు తిండి సరిగా పెడుతున్నామంటున్నారు, ఇంట్లో పొగ మానేశామంటున్నారు, మరి ఎందుకు పెరగడం లేదని అడిగింది. తనను తానే ప్రశ్నించుకున్నట్టు అడిగింది. మా ఆయన తల వంచుకుని, నాయనమ్మ దొంగచాటుగా తాగుతోంది మేడమ్, ఎల్లుండి ఊరికి పంపించేస్తున్నాం అన్నాడు. ఆవిడ తలూపి అది రాసుకోవడం మొదలుపెట్టింది. పెన్ను కాగితం మీద పాకుతున్న చప్పుడు నాకు వినిపించింది. ఆ గదిలో అంత ఫ్యాను హోరులో అది ఎలా వినిపించిందో తెలీదు.

"మామ్మ కాదు," అన్నాను. "ఆమె మూడు వారాల నుంచి ముట్టలేదు. నేను. గుడాకు. రోజుకు ఆరుసార్లు."

హిందీలో చెప్పాను. మా ఆయన తల ఎత్తలేదు కనుక తెలుగులో మళ్ళీ చెప్పాను.

డాక్టరమ్మ తిట్టలేదు. గుడాకు కూడా పొగాకేనని నీకు తెలుసా అంది. తెలుసన్నాను. బిడ్డకి పోయే రక్తనాళాలు సన్నబడతాయి, ఆకలి కూడా చంపుతుంది, తెలుసా అంది. రెండోది తెలుసు, మొదటిది అనుమానం అన్నాను. మరి ఎందుకు చెప్పలేదని అడిగింది.

"మీరు నాలుగు పేర్లే అడిగారు."

ఎవరూ నవ్వలేదు. నేనూ నవ్వించడానికి అనలేదు, నోటికి అలవాటైపోయిన ధోరణి అది, దానంతటదే వచ్చేసింది. కాకలి దీదీ మొహం ఎర్రబడింది. కార్డు తీసుకుని, ఆగస్టులో తను గీసిన గీత కొట్టేసి, పక్కన ఏదో రాసింది. ఇప్పుడు మానినా లాభమే, ఈ రోజు మానితే రేపటి నుంచే లాభం అని డాక్టరమ్మ చెప్పింది. బస్సు కోసం ఆగకుండా మా ఆయన నడవడం మొదలుపెట్టాడు. పది అడుగులు ముందు ఆయన, వెనక నేను. వంతెన మీద ఆగి, వెనక్కి తిరిగాడు.

"మామ్మని దొంగని సేసినాను. నీ కోసం."

అంతే. మళ్ళీ పది అడుగులు ముందుకు పోయాడు.

ఇంటికెళ్ళాక మామ్మ కాళ్ళ దగ్గర నేల మీద కూర్చుని ఆయనే అంతా చెప్పాడు. నేను గుమ్మంలో నిలబడ్డాను. మామ్మ విన్నది. సంచి దగ్గరికి లాక్కుని, ఆరు చీరలూ ఒక్కొక్కటే తీసి మళ్ళీ ట్రంకుపెట్టెలో పెట్టుకుంది. నా వైపు చూడలేదు.

ప్యాడ్‌ల పాకెట్ నేనే తెచ్చి మా ఆయన చేతిలో పెట్టాను.

అక్టోబర్ 24

మామ్మ ఎక్కవలసిన రైలు వెళ్ళిపోయింది. మామ్మ నాతో మాట్లాడడం లేదు. అత్త మాట్లాడుతోంది. పళ్ళెం నిండా అన్నం, పప్పు, గుడ్డు పెట్టి ఎదురుగా కూర్చుంటోంది.

"తిను. నా గరిట కూడా తప్పేనన్నాది గదా మీ డాక్టరు. ఇద్దరం తప్పుడోళ్ళమే. తిను."

అక్టోబర్ 26

ఒళ్ళంతా చీమలు. నీళ్ళు తాగినా చేదు. మా ఆయన బైరాగితో ఏం చెప్పాడో తెలీదు, మందుల కొట్టుకి పోతుంటే నన్ను చూసి బైరాగి గుమ్టీ తలుపు సగం వేసుకున్నాడు.

విచారణ సంఘం రద్దయింది. సభ్యురాలు అరెస్టయింది.

అక్టోబర్ 28

గుడాకు సున్నా.

అక్టోబర్ 31

కాళీపూజ. బాణాసంచా పొగ రాకుండా మామ్మ పొద్దు వాలకముందే కిటికీలు మూసి, సందుల్లో పాత బట్టలు కుక్కింది. నాతో మాట్లాడకుండానే కుక్కింది. కదలికలు పదహారు. గుడాకు సున్నా.

నవంబర్ 5

ముప్పై ఏడు వారాలు. ఇక లోపల ఉంచితే పెరగదు, బయటికి తెచ్చేయడం మంచిదన్నారు. చేర్చుకున్నారు. మా ఆయన బయట గేటు దగ్గర నిలబడ్డాడు. చొక్కా జేబు ఉబ్బెత్తుగా ఉంది.

నవంబర్ 7

అమ్మాయి. నిన్న మధ్యాహ్నం. ఆపరేషన్ లేదు, కుట్లు మాత్రం పడ్డాయి.

రెండు కిలోల నూట అరవై.

నవంబర్ 9

ఏడుపు సన్నగా ఉంది, పిల్లికూనలాగ. పాలు పట్టుకుంటుంది, రెండు గుటకలకే అలిసిపోయి నిద్రపోతుంది. అరికాళ్ళు గిల్లి లేపమన్నారు. గిల్లుతున్నాను. పుట్టిన మూడో రోజున సొంత తల్లి చేత గిల్లించుకుంటున్న పిల్ల.

డాక్టరమ్మ రౌండ్స్‌కి వచ్చినప్పుడు అడిగాను. రెండున్నర కిలోలు ఉంటే మామూలు బిడ్డ అంటారు కదా, మా అమ్మాయికి మూడు వందల నలభై గ్రాములు తక్కువ. అందులో గుడాకువి ఎన్ని, నా ఎత్తువి ఎన్ని, రక్తానివి ఎన్ని, గరిటవి ఎన్ని. మామ్మ పొగవి ఏమైనా ఉన్నాయా. వరసగా అడిగాను. నవ్వులాటకి అడుగుతున్నానని ఆవిడ మొదట అనుకుంది. తర్వాత మంచం అంచున కూర్చుంది.

"అలా విడదీసి చెప్పడం ఎవరి వల్లా కాదు. అన్నీ కలిసే పనిచేస్తాయి."

"సుమారుగా అయినా మేడమ్. నావి ఎన్నో."

ఆవిడ నా కార్డు తీసి, నువ్వు మానేసిన తర్వాత రెండు వారాల్లో ఎంత పెరిగిందో చూశావు కదా అంది. చూశాను. మూడు వందల ఎనభై. దాన్ని వెనక్కి లెక్కకట్టాను, పద్నాలుగు రోజులకి ఇంత అయితే ఇరవై వారాలకి ఎంత అని. బీఎస్సీ లెక్క. వచ్చిన అంకె నమ్మదగ్గది కాదు, బిడ్డ మొదటి నెలల్లో అంత పెరగదు. అయినా రెండుసార్లు వేశాను.

నవంబర్ 11

రెండు కిలోల యాభైకి దిగింది. మొదటి వారం అందరు పిల్లలూ తగ్గుతారని నర్సు చెప్పింది. మా అమ్మాయి దగ్గర తగ్గడానికి ఏముంది.

నవంబర్ 12

బిడ్డని బట్టలు లేకుండా, ఎవరిదైనా రొమ్ము మీద చర్మానికి చర్మం ఆనించి గుడ్డతో కట్టుకుని పడుకోబెట్టాలి, ఎన్ని గంటలు కుదిరితే అన్ని గంటలు, ఆ వేడికే బరువెక్కుతుందన్నారు. నాలుగు గంటలు నేను. నాకు జ్వరం పట్టుకుంది, ఇంకెవరైనా కావాలన్నారు. అత్తకి సెలవు లేదు. మగవాళ్ళని ఈ వార్డులోకి రానివ్వరు.

రేపు మామ్మ వస్తోందట. మా ఆయన చెప్పాడు. నేను అడగలేదు, ఆయన కూడా అడగలేదట. ఆవిడే చెప్పులు వేసుకుని నిలబడిందట.

నవంబర్ 14

నిన్న మామ్మ వచ్చింది. నర్సు చేతులు మోచేతుల దాకా కడిగించింది. కుర్చీలో వెనక్కి ఆనుకుని కూర్చుంటే, పిల్లని తెచ్చి ఆవిడ గుండె మీద పెట్టి గుడ్డ చుట్టారు. ఎండిపోయిన ఆ ఛాతీ మీద అది కప్పలాగ అతుక్కుపోయింది. మామ్మ కాసేపు ఊపిరి కూడా జాగ్రత్తగా తీసుకుంది. తర్వాత పిల్ల చెవి దగ్గర నోరు పెట్టి, నాకు వినపడేలాగే చెప్పింది.

"మీ యమ్మ సదువుకున్నాది. అబద్దం కూడా సదువుకున్నోళ్ళు ఆడినట్టే ఆడతాది. నువ్వు మాత్రం ఏడుపొస్తే ఏడు, ఆకలేస్తే కేకెయ్యి. మాట దాచీకు."

నాకు నవ్వొచ్చింది. కుట్లు లాగాయి. ఆవిడ నవ్వలేదు. అది సరదాకి అన్న మాట కాదు. నేను నవ్వడం మానేసి మంచం మీద అటు తిరిగి పడుకున్నాను, మళ్ళీ ఇటు తిరిగాను. క్షమించమని చెప్పాలని వారం నుంచి ఒక వాక్యం తయారు చేసుకుంటున్నాను. పెద్ద వాక్యం, మొదట్లో ఒక హాస్యం కూడా ఉంది. అది అలాగే ఉండిపోయింది.

"మామ్మా," అన్నాను. "నువ్వేమీ చెయ్యలేదు. దీనికి. నీ పొగ కాదు."

పిల్ల వీపు మీద ఆవిడ చెయ్యి అలాగే ఉంది. ఆ చెయ్యి ఇప్పుడు వణకడం లేదు. అలా రెండున్నర గంటలు కూర్చుంది. మధ్యలో నర్సు కాసేపు దించమంటే వద్దంది.

తర్వాత నా వైపు చూసింది. ఇరవై రెండు రోజుల తర్వాత.

"పట్టు," అంది. "నాది ముసిలి ఒళ్ళు, వేడి సాలడం నేదు. నీ జొరం తగ్గినాది గదా. నీ వంతు."

పట్టుకున్నాను.

ఈ పొద్దున తూచారు. రెండు కిలోల అరవై. పది గ్రాములు ఎక్కింది. ఈ పది ఎవరివని నేను ఎవర్నీ అడగలేదు.